పాత అంబాసిడర్ ముందు చక్రాలకి గ్రీజా, గేర్ ఆయిలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. మీ తాతగారి 1978 అంబాసిడర్, మార్క్ 3. రాజోలు దగ్గర మీ ఊళ్ళో నాలుగేళ్ళు పాకలోనే నిలబడి ఉంది. ఇప్పుడు బయటికి తీశారు. స్టీరింగు తిప్పడానికి రెండు చేతులూ చాలడం లేదు. ముందు కుడి పక్క కిర్రుమంటోంది, గోతిలో పడితే టక్కుమంటోంది. ఒక మెకానిక్ "గ్రీజు కొట్టిస్తే సరిపోతుంది" అన్నాడు. ఇంకొకాయన డీజిల్లో వేస్టాయిల్ కలిపి కిందంతా స్ప్రే కొట్టమన్నాడు. మీరేమో ఏదో వీడియో చూశారు. ట్రనియన్లలో (చక్రాన్ని మోసే నిలువు పిన్ను దిగి తిరిగే లోహపు ముక్కల్లో) గ్రీజు పెడితే విరిగిపోతాయని, గేర్ ఆయిలే పొయ్యాలని అందులో చెప్పారట. ఎవరి మాట వినాలి, ఎన్నాళ్ళకోసారి చెయ్యాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. అంబాసిడర్ ముందు చక్రాల్ని మోసే నిలువు పిన్నులకి గ్రీజే, గేర్ ఆయిల్ కాదు. చక్రం నేల మీద ఉండగా కాదు, పైకి ఎత్తి కొట్టాలి. పాత గ్రీజంతా బయటికి వచ్చి, దాని వెనక కొత్తది శుభ్రంగా కనిపించేదాకా కొట్టాలి. తిరిగే బండికి 1500 కిలోమీటర్లకి గానీ రెండు నెలలకి గానీ, ఏది ముందొస్తే అప్పుడు. వానాకాలంలో నెలకోసారి. చక్రాలు నీళ్ళలో దిగితే మాత్రం లెక్కలేమీ లేవు, మర్నాడే. వేస్టాయిల్ స్ప్రే సంగతి కింద చెప్తాను గానీ, వద్దు.

ఇంకో మాట. నాలుగేళ్ళు కదలని బండికి గ్రీజు ఒక్కటే మందు కాదు. గ్రీజు కొడితే కిర్రు పోవచ్చు, ఆ టక్కు మాత్రం పోదు. అది పిన్ను అరుగుదలో, బుష్షో (జాయింటులో ఉండే రబ్బరు ముక్క) చూసుకోవాలి.

ఆ వీడియో అబద్ధం కాదు, బండి వేరు. నేను పందెం కాస్తాను, అది ఇంగ్లండు వాళ్ళ ట్రయంఫ్ హెరాల్డ్‌దో స్పిట్‌ఫైర్‌దో అయ్యుంటుంది. మన దేశంలో ఆ హెరాల్డే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో 1961 నుంచి మద్రాసులో తయారైంది. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండు తలుపుల చిన్న బండి, మన సందుల్లో కూడా ఒక్కసారిలో తిరిగిపోయేది. దాని చక్రాన్ని మోసే నిలువు పిన్నుకి పైన బాల్ జాయింటు, కింద కంచు ట్రనియన్ ఉంటాయి. పిన్ను కింది భాగం మర తిరిగి ఆ కంచులోకి దిగి ఉంటుంది. ఆ మర బాగా బిగువు. గ్రీజు కొడితే పైపైన గడ్డకట్టి ఉండిపోతుంది గానీ మర లోపలికి పోదు. పై సీలు దగ్గర నీళ్ళు దిగుతాయి, లోపల ఉక్కు తుప్పు పడుతుంది, ఒకరోజు పిన్ను మర మొదట్లో పుటుక్కుమంటుంది. అందుకే దానికి ఈపీ 90 గేర్ ఆయిల్. ట్రనియనే ఆయిల్ నిలవుండే గిన్నెలా పనిచేస్తుంది.

ఇది నేను కళ్ళారా చూశాను. చాలా ఏళ్ళ కిందట రాజమండ్రి వైపు ఒక డాక్టరుగారికి హెరాల్డ్ ఉండేది. ఆయన డ్రైవరు మంచివాడే. నెల నెలా తప్పకుండా అన్ని నిపిళ్ళకీ (గ్రీజు గన్ను మూతి పెట్టే చిన్న ముక్కులకి) గ్రీజు కొట్టేవాడు, ట్రనియన్‌కి కూడా. రావులపాలెం సెంటర్లో మెల్లగా మలుపు తిప్పుతుంటే ఎడమ చక్రం మడుచుకుని పడిపోయింది. వేగం లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. పిన్ను తీసి చూస్తే విరిగిన చోట సగం పాత తుప్పు, సగం కొత్త మెరుపు. అంటే సగం ఎప్పుడో పగిలింది, మిగతా సగం ఆ రోజు తెగింది. శ్రద్ధగా చేసిన పని, తప్పు సరుకుతో చేశాడు పాపం.

మరి అంబాసిడర్‌కి అదే గేర్ ఆయిల్ ఎందుకు వద్దు? అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 బండి నుంచి వచ్చిందని మీకు తెలిసే ఉంటుంది. అందులో చక్రాన్ని మోసే నిలువు పిన్ను, అంటే స్వివల్ పిన్ను, పైనా కిందా మరలోనే తిరుగుతుంది. రెండు చోట్లా నిపిలు ఉంటుంది. అంటే పక్కకి రెండు, మొత్తం నాలుగు. ఆ రెండు చోట్లా గ్రీజు నిలవాలనే లెక్క మీదే సీళ్ళు పెట్టారు. ఆయిల్ పోస్తే రెండ్రోజుల్లో కిందికి కారిపోతుంది. కారి పొడిగా అయితే అరుగుతుంది, కారేది చక్రం లోపలి వైపంతా జిడ్డు చేసి దుమ్ము పట్టిస్తుంది. ఇంగ్లండులో వాళ్ళ చలికి, వాళ్ళ బండికి రాసింది మన బండికి పెట్టుకోకూడదు. అయితే అంబాసిడర్ స్టీరింగు రాక్‌లో (స్టీరింగు తిప్పితే పక్కకి జరిగే పళ్ళ కడ్డీలో) మాత్రం నేను గేర్ ఆయిలే పోస్తాను, అదీ కొద్దిగా. అక్కడ నిపిలు కనిపించింది కదా అని గ్రీజు గన్ను పెట్టి కొడితే రాక్ చివరి రబ్బరు బూట్లు ఉబ్బి చిరుగుతాయి.

పనిలో పనిగా ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్ళకి కూడా ఒక ముక్క. దానిది ఫియట్ 1100 కుటుంబం, కాయిల్ స్ప్రింగు, కింగ్ పిన్ను. కింగ్ పిన్నుకి గ్రీజే. కానీ ఆ స్ప్రింగు నొక్కుడు మీద ఉంటుంది. సరైన పనిముట్టు లేకుండా కింది ఆర్మ్ విప్పారంటే ప్రాణాల మీదికి వస్తుంది. గ్రీజు కొట్టడం వరకే ఇంట్లో చేసుకోండి.

ఇప్పుడు గ్రీజు ఎందుకు ఇంత తరచుగా అన్నాను అనేది. గ్రీజు జారుడు కోసం అనుకుంటాం. మన డెల్టాలో గ్రీజు అసలు పని నీటిని బయటికి తొయ్యడం. కర్నూలు వైపు తిరిగే అంబాసిడర్‌కి దుమ్ము శత్రువు, మనకి నీళ్ళు. అందులోనూ ఉప్పు నీళ్ళు. అంతర్వేది వైపు సముద్రపు గాలి ఒకటి. అది కాక, రొయ్యల చెరువులు ఉన్న చోటల్లా సరుకు దింపుకుని వచ్చే లారీలు, ట్రాలీ ఆటోల నుంచి దారి పొడవునా ఉప్పు నీరు కారుతూనే ఉంటుంది. వేసవిలో రోడ్డు మధ్యన తెల్లటి చార కనిపిస్తుంది చూడండి, అదే. మీ ముందు చక్రాలు దాని మీద నుంచే పోతాయి, చిమ్మింది నేరుగా కింది ట్రనియన్ మీద పడుతుంది.

భీమవరం వైపు నుంచి ఒక రొయ్యల వ్యాపారి తన అంబాసిడర్ తెచ్చేవాడు. నేను మొదటిసారి నిపిల్లో గన్ను పెట్టి నొక్కితే ముందు గ్రీజు రాలేదు, నీళ్ళు వచ్చాయి. చుక్క నాలిక్కి రాసుకుని చూశాను (నా అలవాటు, మీరు చెయ్యకండి). ఉప్పగా ఉంది. ఆ బండికి పదిహేను రోజులకోసారి పెట్టించాను. తర్వాత పదేళ్ళు అవే పిన్నులతో తిరిగింది.

నేను ఈ పనిలోకి వచ్చింది 1986 ఆగస్టు వరద తర్వాత. నాకు పద్నాలుగేళ్ళు. మా గురువుగారి షెడ్డు ముందు మునిగిన బండ్లు వరసగా నిలబెట్టి ఉండేవి. నా మొదటి పని ఏంటంటే కూచుని నిపిళ్ళు విప్పడం, కిరసనాయిల్లో కడగడం, ఒండ్రు పొయ్యేదాకా గ్రీజు కొట్టడం. ఒక్కో చోట గోధుమ రంగు బురద పేస్టులా వచ్చేది. ఆయన "ఇంకా కొట్టు, ఇంకా గోదారే వస్తోంది" అనేవారు. ఇప్పటికీ ధవళేశ్వరం దగ్గర నీళ్ళు 13.75 అడుగులకి వచ్చి రెండో హెచ్చరిక ఇచ్చారని టీవీలో వినగానే నేను గ్రీజు డబ్బాలు తెప్పించి పెట్టుకుంటాను. లంకల వైపు కాజ్‌వేలు మునిగాక కూడా "మోకాలు లోతే కదా" అని దింపేవాళ్ళు ఉంటారు. మోకాలు లోతు అంటే మీ కింది ట్రనియన్ మునిగిపోయిందని అర్థం.

ఏ గ్రీజు? బజార్లో డబ్బా మీద రంగు చూసి కొనకండి. ఎరుపూ నీలమూ కలిపే రంగులే, గుణం కాదు. మీకు కావలసింది ఎన్‌ఎల్‌జీఐ 2 చిక్కదనం ఉన్నది. లిథియం రకం దొరుకుతుంది, చాలు. పాత రోజుల్లో చాసిస్ గ్రీజు అని అమ్మే కాల్షియం రకం నీళ్ళకి ఇంకా బాగా ఓర్చుకుంటుంది. దానికి వేడి పడదు, కరిగిపోతుంది. పిన్నులకి వేడి ఏముంది, పెట్టుకోవచ్చు. కానీ అదే చేత్తో వీల్ బేరింగులకి పెట్టకండి. డ్రమ్ము వేడికి కరిగి బ్రేకు లైనింగు మీదికి పోతుంది. బేరింగులకి వేడి తట్టుకునే లిథియం గ్రీజు విడిగా ఉంచుకోండి. హబ్బు నిండా కుక్కకండి కూడా, సగం చాలు.

రకాలు కలపకండి. అన్నీ కలవవు. కొన్ని కలిపితే రెండూ మజ్జిగలా పల్చబడి కారిపోతాయి. మీ బండిలో ఇంతకుముందు ఏది పెట్టారో మీకు తెలియదు కాబట్టి, మొదటిసారి పాతది పూర్తిగా బయటికి వచ్చేదాకా కొట్టడమే దారి. ఆ తర్వాత ఒకే రకం మీద ఉండండి. మాలిబ్డినం కలిపిన నల్ల గ్రీజు బాగుంటుందా అని కొందరు అడుగుతారు. పిన్నులకి మంచిదే. నేను వాడను, ఎందుకంటే మొదటి నుంచీ నల్లగా ఉంటే మురికి ఎప్పుడు పోయిందో కనిపించదు.

ఇక చేసే పద్ధతి. నాకు తెలిసి నూటికి తొంభై మంది తప్పు చేసేది ఇక్కడే.

ముందు చదునైన చోటు. మన నేల ఒండ్రు, పైకి గట్టిగా కనిపిస్తుంది, జాకీ పెడితే మెల్లగా దిగిపోతుంది. జాకీ కిందా స్టాండు కిందా దళసరి తాటి చెక్క వెయ్యండి. వెనక చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు అడ్డం పెట్టండి. చాసిస్ కింద స్టాండు పెట్టకుండా, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి తల పెట్టొద్దు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళెవరైనా ఆ పని చేస్తే ఆ రోజు పని ఉండదు.

చక్రం గాలిలో ఎందుకంటే, బండి బరువు పిన్ను మీద ఉన్నప్పుడు మర ఒక పక్క గట్టిగా అతుక్కుని ఉంటుంది. మీరు కొట్టిన గ్రీజు ఖాళీగా ఉన్న పక్క నుంచి సులువుగా బయటికి వచ్చేస్తుంది. చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంటుంది, అరిగే పక్క మాత్రం ఎండిపోయే ఉంటుంది. వాటర్ వాష్ షెడ్లలో బండి చక్రాల మీద నిలబెట్టి గబగబా నాలుగు గుద్దులు గుద్ది డబ్బులు తీసుకునేది ఇదే. ఇంకో తమాషా, కొందరు ముందు గ్రీజు కొట్టి తర్వాత ప్రెషరు నీళ్ళతో కడుగుతారు. వరస తిరగెయ్యండి. ముందు కడిగి, ఆరబెట్టి, ఆఖర్న గ్రీజు.

నిపిలు చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో, కిరసనాయిలు తడిపిన గుడ్డతో శుభ్రంగా తుడవండి. నిపిలు కొస మీద చిన్న గోళీ ఉంటుంది, ఆవగింజంత. అది మెరుస్తూ కనిపించాలి. తుడవకుండా గన్ను పెట్టారంటే ఆ ఇసుకని మీరే లోపలికి తోసినట్టు. గన్ను మూతి తిన్నగా పెట్టి మెల్లగా నొక్కండి. మొదట రెండు మూడు నొక్కులకి చేతికి ఏమీ తెలియదు. తర్వాత బిగువు తెలుస్తుంది. అప్పుడు సీలు అంచు దగ్గర చిన్న పటుక్కుమనే చప్పుడు వచ్చి నల్లటి పాత గ్రీజు పురుగులా బయటికి పాకుతుంది. ఆపకండి. అది తుడిచేస్తూ, కొత్త రంగు కనిపించేదాకా నొక్కండి. ఇప్పుడు ఒకరిని స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి రెండు మూడుసార్లు తిప్పమనండి. మళ్ళీ నొక్కండి. రెండోసారి మళ్ళీ కొంచెం నలుపు వస్తుంది, చూడండి. మర మధ్యలో దాక్కున్నది అదే.

వచ్చిన గ్రీజుని పారెయ్యకండి, ముందు వేళ్ళ మధ్య నలిపి చూడండి. ఉత్త నలుపు, మెత్తగా ఉంటే వయసే, భయం లేదు. పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి, వారం ఆగి మళ్ళీ కొట్టాలి. ఇటుక పొడిలా ఎర్రగా ఉంటే లోపల తుప్పు తింటోంది. నలిపితే గరగరలాడి, ఎండలో చూస్తే రవ్వంత తళుకు కనిపిస్తే అది ఇనుప పొడి. ఆ పిన్ను అయిపోయిందని లెక్క.

నాలుగేళ్ళ బండి కాబట్టి మీకు ఒకటి రెండు నిపిళ్ళు అసలు తీసుకోవు. గన్ను పక్కల నుంచి కక్కేస్తుంది. అప్పుడు బలం చూపించకండి. నిపిలు విప్పి, చేతిలో పట్టుకుని గన్ను పెట్టి నొక్కండి. నిపిలు గుండా గ్రీజు వస్తే తప్పు రంధ్రంలో ఉంది, రాకపోతే నిపిలు పోయింది. నిపిలుకి ఎంత ఖర్చని, కొత్తది వేసెయ్యండి. రంధ్రం మూసుకుపోతే సన్నటి తీగతో గుల్ల చేసి, డీజిల్ నింపి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే స్టీరింగు అటూ ఇటూ కదిపి మళ్ళీ ప్రయత్నించండి. రెండు మూడు రోజులు పట్టినా పట్టొచ్చు. కొందరు గ్యాస్ మంట పెడతారు. అక్కడే బ్రేకు పైపు ఉంది, రబ్బరు సీళ్ళు ఉన్నాయి. ఎందుకండీ.

టై రాడ్ ఎండ్లకి (స్టీరింగు నుంచి చక్రానికి పోయే కడ్డీల కొసలకి) కూడా నిపిళ్ళు ఉంటే వాటికి రెండు మూడు నొక్కులే. బూటు కొంచెం ఉబ్బగానే ఆపెయ్యాలి, చిరిగితే లోపలికి నీళ్ళు పోవడానికి తలుపు తెరిచినట్టే. మీ బండికి చేయి రకం షాక్ అబ్జార్బర్లు ఉంటే వాటి మూత చుట్టూ బాగా తుడిచి, విప్పి మట్టం చూడండి. తగ్గితే షాక్ అబ్జార్బరు ఆయిలే పొయ్యండి. అది దొరక్కపోతే నేను బైకు ఫోర్కు ఆయిల్ పోస్తాను. ఇంజనాయిల్ వద్దు.

ఇక ఆ టక్కు. చక్రం గాలిలో ఉండగానే పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. కదిలితే, ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆ కదలిక పోతే వీల్ బేరింగు వదులు. పోకపోతే పిన్నో ట్రనియనో అరిగింది. తర్వాత పక్కల నుంచి పట్టుకుని ఊపండి, అక్కడ వదులుంటే టై రాడ్ ఎండు. అరిగిన మరలో గ్రీజు కొడితే పది రోజులు చప్పుడు ఆగుతుంది. ఆ పది రోజుల్లో "బాగైపోయింది" అని లాంగ్ టూరు వెళ్ళేవాళ్ళని చూశాను. మీరు వెళ్ళకండి.

మార్చాల్సి వస్తే తొందరపడి ఏది దొరికితే అది వెయ్యొద్దు. 2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిన తర్వాత సామాను దొరుకుతోంది గానీ నాణ్యత ఒక్కోటి ఒక్కోలా ఉంటోంది. కొత్త పిన్నునీ కొత్త ట్రనియన్‌నీ కౌంటరు దగ్గరే చేత్తో తిప్పి చూడండి. బిగుసుకోకుండా, గలగలలాడకుండా మెత్తగా దిగాలి. కుడి, ఎడమ కలపకండి. లేతు మీద చేయిస్తానని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చెయ్యండి. మర తియ్యడం పెద్ద విద్య కాదు, ఆ ఉక్కుకి ఉన్న గట్టిదనం లేతు మీద రాదు.

పిన్ను బాగానే ఉండి ఇంకా చప్పుడు వస్తుంటే రబ్బరు బుష్షులు. మీ కిర్రు కూడా వీటిదే కావచ్చు. తేల్చుకోవడం సులువు. ముందు బంపరు మీద బరువేసి బండిని ఊపుతూ, ఒకరు బుష్షు మీద చెంబుతో నీళ్ళు పోస్తుంటే, చప్పుడు ఆగిందంటే రబ్బరే. రబ్బరుకి గ్రీజు, డీజిల్, ఇంజనాయిల్ ఏవీ తగలకూడదు. ఉబ్బి, మెత్తబడి, ఆరు నెలల్లో జీళ్ళపాకంలా అయిపోతుంది. వేస్టాయిల్ స్ప్రే వద్దన్నది అందుకే. చాసిస్ రేకు తుప్పు ఆగుతుందేమో గానీ బుష్షులన్నీ దాంతోనే పోతాయి. మన కోనసీమలో ఇంకో అలవాటు ఉంది, చప్పుడొస్తే కొబ్బరినూనె. తలుపు బందులకి పొయ్యండి, బుష్షులకి వద్దు, అది కూడా రబ్బరుని ఉబ్బిస్తుంది. మీ ఇంట్లో ఆముదం ఉంటే అది నాలుగు చుక్కలు వెయ్యండి. నవ్వకండి, బ్రేకుల రబ్బర్లకి రాసే ఎర్ర గ్రీజు ఆముదం నుంచి వచ్చిందే. చప్పుడు తగ్గుతుంది, రబ్బరు చెడదు. పగిలిన బుష్షుకి మాత్రం ఆముదమూ లేదు, మార్చడమే.

మార్చేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక అంబాసిడర్‌కి ముందు కింది ఆర్మ్ బుష్షులన్నీ కొత్తవి వేశాను. చక్రాలు వేలాడుతుండగానే నట్లన్నీ బిగించేశాను, శుభ్రంగా, బలంగా. దింపగానే రబ్బరు మెలితిరిగిపోయింది. బండి ముందు భాగం ఎత్తుగా ఉండి గట్టిగా కొట్టడం మొదలెట్టింది. మూడు నెలల్లో బుష్షులు చిరిగిపోయాయి. ఆ బండి ఆయనేమో బుష్షులు అమ్మిన కొట్టువాడిని తిట్టుకున్నాడు. నేను నోరు తెరవలేదు. ఏడాది తర్వాత గురువుగారికి చెప్తే, "బండి నేల మీద నిలబడి, రెండుసార్లు ఊగి కుదురుకున్నాకే ఆఖరి బిగింపురా" అన్నారు. తర్వాత వాళ్ళింటికి వెళ్ళి సొంత డబ్బుతో మళ్ళీ వేసి వచ్చాను. చెప్పొచ్చేదేంటంటే, వదులుగా పెట్టి, బండి దింపి, బరువు చక్రాల మీద పడ్డాకే బిగించండి.

టార్షన్ బార్ల గురించి కూడా అడుగుతారేమో, ముందే చెప్తాను. ముందు నుంచి వెనక్కి చాసిస్ పొడవునా పోయే పొడుగాటి ఉక్కు కడ్డీలు అవి. మీ బండికి స్ప్రింగులు అవే. వాటికి గ్రీజు అక్కర్లేదు. వాటి మీద పైపు పానా వెయ్యకండి, సుత్తి దెబ్బ తగలనివ్వకండి. చిన్న గీత పడినా ఏళ్ళ తరబడి మెలితిరిగీ తిరిగీ సరిగ్గా అక్కడే విరుగుతుంది. పైన తుప్పు ఉంటే మెత్తగా రుద్ది పెయింటు వేసి వదిలెయ్యండి. బండి ఒక పక్క ఒరిగి ఉంటే బారు వెనక పళ్ళ దగ్గర సర్దాలి. అది ఇంట్లో చేసుకునే పని కాదు.

ఇవన్నీ అయ్యాక బండి నిలబెట్టే చోటు చూసుకోండి. పాకలో మట్టి నేల అన్నారు. కాలువలు వదిలిన దగ్గర నుంచి ఆ నేలకి తడి ఊరుతూనే ఉంటుంది, కింద నుంచి ఆవిరి కొట్టినట్టు. సిమెంటు చెయ్యలేకపోతే చక్రాల కింద చెక్కలు, మధ్యలో దళసరి ప్లాస్టిక్ పట్టా వెయ్యండి. వారానికోసారి బండిని పది అడుగులు ముందుకీ వెనక్కీ నడిపి, కదులుతుండగా స్టీరింగు రెండు చివరలకీ తిప్పండి. నిలబెట్టి తిప్పొద్దు, ఆ బరువంతా ఎండిన మర మీదే పడుతుంది. నా అనుభవంలో తిరిగి తిరిగి అరిగిన పిన్నుల కంటే నిలబడి బిగుసుకున్నవే ఎక్కువ.

ఈ లోపు దాన్ని రోడ్డు మీదికి తియ్యకండి, కనీసం ఆ ఊపి చూసే పరీక్ష అయ్యేదాకా. ఈ ఆదివారం నాలుగు నిపిళ్ళూ ప్రయత్నించండి. మొదట బయటికి వచ్చిన గ్రీజుని తెల్ల కాగితం మీద పూసి, ఎండలో ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. కుడి పైన, కుడి కింద, ఎడమ పైన, ఎడమ కింద, నాలుగూ వేరువేరు కాగితాలు. ఏది ఎక్కడిదో పక్కన రాయడం మర్చిపోకండి, పోయినసారి ఒకాయన రాయకుండా పెడితే మంచి పక్క విప్పించాను.